వేషం మార్చిన తోలుబొమ్మ

తీర్థంలో బొమ్మల కొట్టు ఉందంటే రోబోగా మారే కారు ఉండి తీరుతుంది. ఎర్రదొకటి, నీలందొకటి, పోలీసు గుర్తు వేసిందొకటి. తిప్పి చూస్తే మూడూ ఒకే అచ్చు. ఈ కిటుకు పాతదే. జపాన్ కంపెనీ టకారా తీసిన డయాక్లోన్ బొమ్మల్ని 1984లో అమెరికా కంపెనీ హాస్‌బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మకానికి పెట్టింది. అందులో ఒకే ఫెయిర్‌లేడీ కారు పోలీసు రంగుల్లో ప్రౌల్ అయింది, వెండి రంగులో బ్లూస్ట్రీక్ అయింది, తొడుగులు కాస్త మారేసరికి స్మోక్‌స్క్రీన్ అయింది. రంగు మార్చి రెండోసారి అంటగట్టారని సణిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పాత తోలుబొమ్మకు కొత్త రంగులు కనబడితే మనవాళ్లూ అదే మాట అంటారు: అసలుది కాదండీ, మళ్లీ పూసింది. ఆ మాట సగమే నిజం. తోలుబొమ్మకు రంగు మార్చడం, రూపం దిద్దడం దాని బతుకులో భాగమే. ఆ పని బాగా జరిగిందో లేదో మాత్రం గోడకు తగిలించి చూస్తే తేలదు, దీపం ముందు పెట్టాలి.

కాకినాడ పక్కనున్న మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. ఆట ఈనాటిది కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోనే తెరమీది బొమ్మల ప్రస్తావన చేశాడు. పని మొదలయ్యేది చర్మంతో. వెంట్రుకలు గీకి, శుభ్రం చేసి, బిగలాగి ఎండబెడితే మేకతోలు వెలుతురు దిగేంత పలచబడుతుంది. ఒకప్పుడు దేవతా పాత్రలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. ఎండిన తోలు మీద బొమ్మ గీసి, అంచు కోసి, నగలూ చీర అంచులూ ఉన్నచోట చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. తెర మీద వడ్డాణం మెరిసేది ఆ చిల్లుల వల్లే, పసుపు రంగు వల్ల కాదు. ఆటలో బొమ్మ అటూ ఇటూ తిరగాలి కాబట్టి రంగు రెండు వైపులా వేస్తారు. భుజం, మోచేయి విడివిడి ముక్కలు. చిల్లులోంచి దారం దూర్చి రెండు వైపులా ముడి వేస్తే కీలు తయారు. చీల్చిన వెదురు బద్ద మధ్యలో బొమ్మను బిగించి కడితే అదే వెన్నెముక.

మార్పు ఎంతవరకు సాధ్యమో ఈ పదార్థమే చెబుతుంది. పాతకాలపు రంగు పైన పూత కాదు, తోలులోకి ఇంకిపోయేది. ఇంకినదాన్ని తుడవలేం. అందుకని మార్పు ఎప్పుడూ లేత నుంచి ముదురుకే. పసుపు ఎరుపవుతుంది, ఎరుపు నలుపవుతుంది; వెనక్కి రావడం కల్ల. ఆకుపచ్చ ఒంటి మీద ఎరుపు వేస్తే పగలు ఎరుపుగానే ఉంటుంది గానీ, వెనక దీపం పెట్టగానే బురద రంగు తిరుగుతుంది. రూపం సంగతీ అంతే. కొండపల్లి బొమ్మకైతే చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో తలపాగా పెంచవచ్చు, ముక్కు దిద్దవచ్చు. తోలులో కోసేయడమే తప్ప పెంచడం లేదు. పెంచాలంటే ఇంకో ముక్క కుట్టాలి. కుట్టిన చోట తోలు రెండు పొరలై తెర మీద నల్లటి పట్టీలా పడుతుంది. దాన్ని భుజకీర్తి కింద దాచేవాడు పనివాడు, చెంప మీదికి తెచ్చేవాడు తొందరగాడు.

ఇక్కడ పాతవస్తువులు సేకరించేవారికి ఒక అభ్యంతరం ఉంది, అది కొట్టేయదగ్గది కాదు. మళ్లీ రంగు వేస్తే మొదటి చిత్రకారుడి గీత పోతుందంటారు. గట్టి ఎనామిల్ పెయింట్ పూసిన బొమ్మ విషయంలో వాళ్లదే న్యాయం. ఆ పూత వెలుతురును ఆపేస్తుంది, చిల్లుల్ని పూడుస్తుంది, మడత పడ్డచోట పెచ్చులూడుతుంది. సీత కాస్తా నీడ అవుతుంది. నేనైతే అలాంటి బొమ్మను పాడైపోయిందనే అంటాను, ఎంత తళతళలాడినా సరే. కానీ వెలిసిన చోటే పలచని రంగు అద్ది, తెగిన కీలు మార్చిన బొమ్మను అదే గాటన కట్టడం అన్యాయం. తోలుబొమ్మ మొదటి నుంచీ ఒక్కడి సంతకం కాదు. కోసినవారు, రంగేసినవారు, ఆడించినవారు తరచు ఒకే కుటుంబం, ఒక్కోసారి రెండు మూడు తరాలు. మోచేతి చిల్లు ఆటాటకూ సాగుతూనే ఉంటుంది. పక్కన కొత్త చిల్లు కొట్టకపోతే రాముడు విల్లెత్తలేడు.

ఇంకో ఆక్షేపణ: ఒకే రాజు బొమ్మను రామాయణంలో ఒకరిగా, భారతంలో మరొకరిగా నడిపిస్తే అది బొమ్మల కంపెనీ అచ్చు వాడకం లాంటిదే కదా? పైకి అలాగే ఉంటుంది. కారు బొమ్మకు కొత్త పేరు పెట్టెమీద అచ్చవుతుంది. ఇక్కడ పేరు పుట్టేది గొంతులో. పద్యం ఎత్తుకున్న తీరు, మద్దెల దెబ్బ, చెయ్యి విసురు, వీటితో ఆ రాజు ఎవరో ప్రేక్షకుడికి తెలుస్తుంది. హద్దు లేకపోలేదు. పదితలల రావణుణ్ణి ఇంకెవరిగానూ చూపలేరు. హాస్యపాత్రలైన కేతిగాణ్ణో బంగారక్కనో తీసుకొచ్చి మంత్రిని చేస్తే నోరు విప్పకముందే జనం నవ్వేస్తారు.

ఈ మధ్య తోలుతో దీపపు గొడుగులు, గోడ బొమ్మలు వస్తున్నాయి. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఈ పని బాగా సాగుతోంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వీటిని తక్కువ చేయనక్కర్లేదు, వెలుగూ చిల్లూ రంగూ అన్నీ వీటిలో ఉన్నాయి. లేనిది కీలు ఒక్కటే, కాబట్టి ఆటబొమ్మ కొలత వీటికి పెట్టకూడదు. అసలు మోసం వేరే చోట ఉంది: కొత్త తోలుకు పొగ పట్టించి తాతలనాటిదని అమ్మడం. దీన్ని పట్టుకోవడం మరీ కష్టమేం కాదు. ఆడిన బొమ్మకు అరుగుదల ఒంటినిండా సమంగా ఉండదు. వెదురు బద్ద కట్టిన చోట తోలు నునుపెక్కి ఉంటుంది, మోచేతి దగ్గర చిల్లు సాగి ఉంటుంది, ముఖం మాత్రం ఎవరూ ముట్టుకోరు కాబట్టి కాస్త తాజాగా మిగులుతుంది. పొగ పెట్టినదైతే ముఖమూ మోచెయ్యీ ఒకే నలుపు. ఆ తర్వాత బద్ద పట్టుకుని ఒక్కసారి విదిలించి చూడాలి. చెయ్యి తనంతట తాను ఊగి వచ్చి తొడను తాకితే బేరం మొదలుపెట్టవచ్చు.