‘తమస్’: నవలలో నత్థూ, తెరమీద నత్థూ

నవల దృశ్యరూపం పొందినప్పుడు ఏవి తొలగినవో, ఏవి చేరినవో పట్టిక వేసి, మూలానికి విధేయంగా ఉన్నదా లేదా అని తీర్పు చెప్పడం అనుసరణల పరిశీలనలో సులభమైన మార్గం. ఆ పట్టిక అవసరమే. కాని ఒక పాత్ర నిడివి పెరిగితే కథలోని రహస్యం చివరికి ఎవరి వద్ద మిగులుతుందన్న ప్రశ్నను అది అడగదు. భీష్మ సాహ్నీ హిందీ నవల ‘తమస్’నూ, దాని ఆధారంగా గోవింద్ నిహలానీ రూపొందించగా 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైన ధారావాహికనూ ఈ ప్రశ్నతో చదవవలసి ఉంది.

నవల ఒక మూసిన గదిలో మొదలవుతుంది. తోళ్ల పని చేసుకునే నత్థూ ఒక పందిని చంపడానికి రాత్రంతా పెనుగులాడుతాడు. పశువైద్యునికి కావాలని చెప్పి, అయిదు రూపాయల నోటు చేతిలో పెట్టి వెళ్లినవాడు మురాద్ అలీ. తెల్లవారేసరికి ఆ కళేబరం మసీదు మెట్ల మీద పడి ఉంటుంది. ఊరు తగలబడుతుంది. ఈ ఆరంభాన్ని ధారావాహిక దాదాపు యథాతథంగా స్వీకరించింది. నత్థూ పాత్రలో ఓం పురి దేహభాష నవలలోని ఉక్కిరిబిక్కిరికి లోటు రానీయలేదు. భేదం ఆ తరువాత మొదలవుతుంది.

నవల నత్థూను పట్టుకొని నడవదు. రెండవ ఖండంలో కథ పల్లెలకు తరలుతుంది. హర్నామ్ సింగ్, బంతోల పలాయనం, వారికి ఆశ్రయమిచ్చిన రాజో, గురుద్వారా ముట్టడి, జస్బీర్ వెంట స్త్రీలు బావిలో దూకడం, సహాయ శిబిరంలో అంకెలు తప్ప మరేమీ వద్దనే గుమాస్తా, ఇలా కేంద్రం లేని కథనం సాగుతుంది. భార్య శవం మీది బంగారు గాజుల కోసం తపించే మనిషి కూడా ఆ శిబిరంలోనే కనిపిస్తాడు. వీరిలో ఎవరికీ పంది సంగతి తెలియదు. చివర శాంతి సంఘం బస్సు బయలుదేరుతుంది. అందులో కూర్చొని నినాదాలు చేసేవాడు మురాద్ అలీయే. నత్థూ చనిపోయాడనీ, ఉండి ఉంటే ఇతణ్ణి గుర్తుపట్టేవాడనీ కథకుడు ఆ సందర్భంలో దాటవేతగా చెబుతాడు. మరణదృశ్యం లేదు, శోకం లేదు. ఇంతకాలం మనం వెతకడం మానేసిన మనిషి లేడన్న వార్త మాత్రమే ఉంది.

ఆ బస్సును చూస్తున్న జనంలో నిజం తెలిసినవాడు లేడు, తెలిసినవాడు పాఠకుడొక్కడే. నవల నిర్మాణమంతా ఈ ఒక్క క్షణం కోసమేనని నా అభిప్రాయం. అభావాన్ని గ్రహించడానికి భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. భాషకు ఆ సౌలభ్యం ఉంది: ‘లేడు’ అన్న ఒక్క మాటతో లేనివాణ్ణి నిలబెట్టగలదు. కెమెరా శవాన్ని చూపగలదు, ఖాళీ గడపను చూపగలదు. లేకపోవడాన్ని ఇంత తేలికగా, ఇంత నిర్దయగా చెప్పలేదు.

నిహలానీ ఈ పరిమితిని ఎరిగినట్లే పనిచేశాడు. భాగాలుగా ప్రసారమయ్యే కథకు ఒక భాగం నుంచి మరొక భాగానికి ప్రేక్షకుణ్ణి తీసుకుపోయే ముఖం కావాలి. అందువల్ల నత్థూ, గర్భవతియైన అతని భార్య కర్మో శరణార్థులుగా దారిపట్టి హర్నామ్ దంపతులను కలుసుకుంటారు. నవలలో ఒకరికొకరు తారసపడని రెండు జీవితాలు ఇక్కడ ఒకే దారిలో నడుస్తాయి. బయటికి వెళ్లిన నత్థూ తిరిగి రాడు. కర్మో శిబిరంలో అతని శవాన్ని గుర్తుపడుతుంది, అక్కడే ప్రసవిస్తుంది. శిశువు ఏడుపు మీదుగా ఇరువర్గాల మతనినాదాలు వినిపిస్తాయి.

దీనిని కరుణరసం కోసం చేసిన సర్దుబాటుగా కొట్టివేయడం తొందరపాటు. నవలలో ఒక దళితుని మరణం వాక్యంలో కొంత భాగమైంది. ధారావాహిక ఆ మరణానికి దేహాన్నీ, ఏడ్చే మనిషినీ ఇచ్చింది. ఈ న్యాయం చిన్నది కాదు. అయితే దానికి మూల్యమూ ఉంది. నత్థూ అపరాధభావాన్ని చివరిదాకా అనుసరించిన ప్రేక్షకుని మనస్సు మోసపోయినవాని దుఃఖం మీద నిలుస్తుంది. మోసగించినవాడు ఆ మేరకు వెనక్కి తగ్గుతాడు. నవలా పాఠకునికి కన్నీళ్లు రావు, నిజం తెలిసినవాడి ఇబ్బంది మిగులుతుంది. విమర్శకునిగా నేను ఆ ఇబ్బంది వైపే మొగ్గుతాను, కర్మో ముఖాన్ని మరవలేకపోయినా.

గ్రహీత మారినందున కృతి ఎదుర్కొన్న ప్రశ్నలు కూడా మారాయి. 1975లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన నవల కథే తెరకెక్కగానే, ప్రసారం ఆపాలంటూ కొందరు న్యాయస్థానాలకు వెళ్లారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ధారావాహికను స్వయంగా చూసి అభ్యర్థనను తోసిపుచ్చారు. సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. చలనచిత్రం ముద్రిత అక్షరం కంటే బలంగా కదిలిస్తుందని ఒప్పుకుంటూనే, బలహీనచిత్తుని కాక వివేకవంతుని దృష్టితో చూడాలన్నది ఆ తీర్పులోని తర్కం. నవల కూడా అటువంటి పాఠకుణ్ణే కోరుకుంది, అతణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి.

ఈ పోలికలో ఒక విశేషం తరచు నటుల జాబితాలో వివరంగా మాత్రమే మిగిలిపోతున్నది. తెరమీద హర్నామ్ సింగ్ పాత్ర ధరించినవాడు భీష్మ సాహ్నీయే. నవలలో నత్థూను ఒక్క మాటతో పంపివేసిన రచయిత, నత్థూ తిరిగి రాని రోజున అతని భార్యను కూతురిలా వెంటబెట్టుకొని శిబిరానికి చేరుస్తాడు.