గలాడ్రియల్‌కు రెండు గతాలు

చిన్నప్పుడు మా ఊరి రామాలయంలో కార్తీకమాసం నెల్లాళ్లూ పురాణం చెప్పించేవారు. వినాయకుడి తల శివుడు నరికాడని ఒక ఏడాది విన్నాను. మరుసటి ఏడాది వచ్చిన పౌరాణికులు శని చూపు పడి ఆ తల తెగిపోయిందన్నారు, బ్రహ్మవైవర్తంలో అలా ఉంది. ఏది నిజమండీ అని అడిగితే, ఆయన పుస్తకంలోంచి వేలు తీయకుండానే "అది కల్పభేదం నాయనా" అన్నారు. ఒక్కో కల్పంలో ఒక్కోలా జరిగింది, రెండూ నిజమే. ఆ జవాబు నాకు చాలా ఏళ్లు సరిపోయింది. టోల్కీన్‌ను చదవడం మొదలుపెట్టాక చాల్లేదు.

1954-55లో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో లోత్‌లోరియన్ అడవిని ఏలే గలాడ్రియల్ ఆ నవల రాస్తుండగానే పుట్టిన పాత్ర. అంతకు ముందు దశాబ్దాలుగా టోల్కీన్ రాసుకున్న తొలియుగపు కథల్లో ఆమె ఊసే లేదు. వేల ఏళ్లుగా బతుకుతున్న రాణి అని ఒకసారి చెప్పేశాక, ఆ వేల ఏళ్లూ ఆవిడ ఎక్కడుంది, ఏం చేసింది అన్నది చెప్పక తప్పలేదు. అక్కణ్నుంచి చివరిదాకా ఆయన ఆ పూర్వకథను రాస్తూ, దిద్దుతూనే ఉన్నారు.

ఒక కథలో ఆమె తిరుగుబాటుదారు. దేవతల నేల వాలినోర్‌ను కాదని సముద్రం ఇవతలికి వచ్చిన ఎల్ఫ్ జాతి నాయకుల్లో ఒకతె. తనకంటూ ఒక రాజ్యం కావాలన్నది ఆమె కోరిక. 1967లో అచ్చయిన తన పాటల పుస్తకానికి రాసిన వివరణలో టోల్కీన్ చెప్పిందీ ఇదే: ఆమె వాలినోర్‌కు తిరిగి రాకూడదని నిషేధం ఉంది, లోకాన్ని లొంగదీసే ఉంగరాన్ని ఇస్తానన్నా వద్దన్నందుకే అది తొలగింది. 1971లో ఒక పాఠకురాలికి రాసిన ఉత్తరంలో, ఆమెలో మేరీమాత ఛాయ ఉందని ఒప్పుకుంటూనే, ఈవిడ పశ్చాత్తాపపడిన మనిషని గుర్తుచేశారు.

రెండేళ్లు తిరిగేసరికి ఆ మాట మారింది. 1973 ఆగస్టు 4 నాటి ఉత్తరంలో గలాడ్రియల్ ఏ మచ్చా లేనిది. తిరుగుబాటు నాయకుడు ఫెయనోర్‌కు శత్రువు, మిగతావాళ్లతో కలవకుండా వేరుగా వచ్చింది. ఆ చివరి రాతల్లో భర్త కెలెబోర్న్ పుట్టుక కూడా మారింది. డోరియత్ అడవుల్లో ఆమెకు తారసపడ్డవాడు కాస్తా, సముద్రం అవతల నుంచే ఆమెతో ఓడెక్కినవాడయ్యాడు. ఆ ఉత్తరం రాసిన 29 రోజులకు, 81 ఏళ్ల వయసులో, టోల్కీన్ కన్నుమూశారు.

నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద ఒక కథ, కుడి పేజీ మీద రెండోది రాసుకుని, ఎర్ర సిరాతో గీతలు కలుపుతూ కొన్ని వారాలు కూర్చున్నాను. కొన్ని కలిశాయి. అనుమతి అందకముందే బయల్దేరింది కాబట్టి నిషేధం ఆమెకూ తగిలిందని చివరి రాతలో టోల్కీనే ఒక అతుకు వేసిపెట్టారు. లెక్క ప్రకారం అది అతుకుతుంది. మరి కథ అతుకుతుందా?

నవలలో నీటి అద్దం ఘట్టం చూడండి. లోకాన్ని లొంగదీసే ఆ ఉంగరాన్ని మోస్తున్న ఫ్రోడో దాన్ని తనంతట తాను ఆమెకు ఇస్తానంటాడు. ఆమె చెయ్యెత్తుతుంది. వేలికున్న తన ఉంగరంలోంచి వెలుగు ఆమె ఒక్కదాని మీదే పడుతుంది, చుట్టూ అంతా చీకటి. లోకమంతా తన కాళ్ల దగ్గర పడే రోజు ఎలా ఉంటుందో ఆమె చెబుతుంటే మనకే భయమేస్తుంది. మరుక్షణం చెయ్యి దించుతుంది, నవ్వుతుంది, వద్దంటుంది. రాజ్యం కోసం సముద్రం దాటి వచ్చిన మనిషి, అంతకు మించిన రాజ్యం అరచేతిలోకి వస్తే వదులుకోవడం అది. ఆ కోరికను తుడిచేస్తే మిగిలేది మంచిమనిషి చేసిన ఒక మంచిపని. అందుకే నా ఓటు తిరుగుబాటు చేసిన గలాడ్రియల్‌కే.

అలాగని తర్వాత కల్పించిన గతమంతా తప్పని అనను. మరుగుజ్జు జాతి గింలీ ఆమె జుట్టులో ఒక్క వెంట్రుక అడిగితే మూడు ఇచ్చింది. ఒకప్పుడు ఫెయనోర్ మూడుసార్లు అడిగినా ఒక్కటీ ఇవ్వలేదన్న కథ టోల్కీన్ రాసింది నవల అచ్చయిన పదేళ్ల పైచిలుకుకు. ఇప్పుడు ఆ మూడు వెంట్రుకల ఘట్టం చదివితే గొంతు పట్టేస్తుంది. నవలలో ఒక్క అక్షరం మారలేదు, బరువు మాత్రం పెరిగింది. పూర్వకథను నేను తూచే రాయి ఇదొక్కటే. ముందున్న ఘట్టానికి బరువు పెంచిందా, తగ్గించిందా?

కొడుకు క్రిస్టఫర్ టోల్కీన్ దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి. 1977లో 'సిల్మరిలియన్' కూర్చినప్పుడు ఆయన తండ్రి ఆఖరి మాటను అందులో చేర్చలేదు. చేరిస్తే చుట్టూ ఉన్న కథలన్నీ కదిలిపోతాయి. అలాగని దాచిపెట్టనూ లేదు. 1980లో 'అన్‌ఫినిష్డ్ టేల్స్'లో ఆ దంపతుల కథలన్నీ, పొసగనివి పొసగనట్టే, ఏది ఎప్పటిదో చెబుతూ పక్కపక్కన అచ్చువేశారు. కల్పభేదం అన్న మాట నాకు ఇప్పటికీ ఇష్టమే, అది ఏ కథనూ అబద్ధమనదు. కాని ఈ కథలు రాసినవాడు ఒక్క మనిషి, వాటికి తారీఖులున్నాయి. ఆ తారీఖుల వరసలో చదివితే, తాను సృష్టించిన మనిషి మీద ఒక ముసలాయనకు ఏడాదికేడాది పెరిగిన ప్రేమ కనిపిస్తుంది. రెండింటినీ కలిపి కుట్టేస్తే అది కనబడదు.

సొంతంగా ఫాంటసీ రాస్తున్న కుర్రాళ్లు, పాత్ర గతం రెండు రకాలుగా వచ్చిందని నాకు ఉత్తరాలు రాస్తుంటారు. పాత ప్రతిని చింపకండి. దాని మీద తేదీ వేసి పక్కన పెట్టండి.