యోర్వెర్త్ పీట్: ఇల్లు, పనిముట్టు, భాష

భాషాసేవ చేసిన పండితులనగానే నిఘంటుకారులను, వ్యాకరణకర్తలను స్మరించుట మనకు వాడుక. వేల్సు దేశీయుడైన యోర్వెర్త్ పీట్ (1901–1982) వేరొక త్రోవ త్రొక్కెను. ఆయన తన మాతృభాషను గ్రంథములయందేకాక, ఇంటి దూలములయందును, వడ్రంగి బాడిసయందును, నేతగాని మగ్గమునందును వెదకెను. ఆయన కృషిలోని గొప్పతనమును, కొఱతను గూడ నిష్పక్షపాతముగ పరిశీలింప దలచితిమి.

మధ్యవేల్సునందలి లాన్‌బ్రిన్‌మైర్ గ్రామమున వడ్రంగుల యింట జన్మించిన పీట్, ఆబరిస్ట్విత్ కళాశాలలో ఫ్లూర్ పండితుని శిష్యుడై, 1927లో కార్డిఫ్ నగరమందలి జాతీయ మ్యూజియమున చేరెను. ఆయన శాంతివాది. యుద్ధమున పాల్గొన నిరాకరించినందున 1941లో ఉద్యోగము కోల్పోయి, నిరసనలు చెలరేగిన పిదపనే మరల ప్రవేశించెను. నమ్మినదానికై నష్టపడగలవాడని దీనివలన తెలియుచున్నది.

1940లో వెలువడిన ఆయన గ్రంథము వెల్షు గృహములను గూర్చినది. రాజుల కోటలను విడిచి, మనుష్యులును పశువులును ఒకే కప్పు క్రింద నివసించిన పొడుగిండ్లను ఆయన శాస్త్రవిషయముగ స్వీకరించెను. పేదవాని గోడకును చరిత్ర కలదనుట ఆనాటికి సాహసమే. ఆ దృష్టియే 1948లో కార్డిఫ్ చెంత సెయింట్ ఫాగన్స్‌లో మ్యూజియమై రూపొందెను. స్వీడను దేశపు స్కాన్సెన్ దీనికి మాదిరి. 1610 నాటి రైతు ఇంటిని గవర్ ప్రాంతమునుండి ఊడదీసి తెచ్చి, ఇచట యథాతథముగ నిలిపిరి. దుష్టశక్తులు దరిజేరకుండ పూసిన ఎఱ్ఱరంగు నేటికిని ఆ గోడలపై కలదు. ఉన్నిమిల్లు తెచ్చి నేతపని సాగించిరి. 1950ల చివర పల్లెవారి పలుకులను టేపురికార్డరులపై భద్రపరచిరి. పనిముట్టుతోపాటు దాని పేరును గూడ దాచవలెనను వివేకమిది.

ఇక కొఱత. పీట్ దృష్టిలో నిజమైన వేల్సు పల్లెపట్టు మాత్రమే. బొగ్గుగనులు, ఇనుపకొలుములు గల దక్షిణ లోయలు ఆయన మ్యూజియమున దాదాపు చోటెఱుగవు. ఇది పొరపాటని మా యభిప్రాయము. పల్లెలు విడిచిన వెల్షువారికి ఆ పరిశ్రమలే స్వదేశమున కూడుపెట్టి, వారు పరదేశములకు పోకుండ నిలిపినవని ఆర్థికశాస్త్రజ్ఞుడు బ్రిన్లీ థామస్ వాదించెను. 1911లో వెల్షు మాటాడువారు 9,77,000కు పైబడి యుండుటకు అదియు నొక కారణము. పీట్ 1971లో పదవి విరమించిన పిదప, 1987లో, మెర్థిర్ టిడ్‌ఫిల్ పట్టణమునుండి ఇనుపకార్మికుల ఆరు ఇండ్ల వరుస అచటికి చేరెను. 1805 మొదలు 1985 వరకు ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క కాలపు సామగ్రితో అలంకృతమైయున్నది. ఆయన నాటిన చెట్టు ఆయన గీచిన గిరిని దాటి పెరిగెను.

రెండవ ప్రశ్న మనకు మరింత సన్నిహితము. రెండుభాషలు నేర్చిన జాతి తుదకు ఒకదానినే మిగుల్చుకొనునని, అది తనది కాబోదని పీట్ నమ్మకము. లెక్కలు చూడగా ఆ భయము నిరాధారము కాదు. 1901లో జనాభాలో సుమారు సగముమంది వెల్షు మాటాడగా, 1961లో 26 శాతము, 2021లో 17.8 శాతము మాత్రమే మిగిలిరి. అయినను, నేడు మిగిలిన ఆ 5,38,000 మందిలో పెద్దలు ఇంచుమించు అందఱును ఇంగ్లీషు నెఱిగినవారే. భాషను నిలిపినవారును ఆ ద్విభాషులే. 1939లో ఆబరిస్ట్విత్‌లో ప్రారంభమైన వెల్షు మాధ్యమ పాఠశాల వంటివి, పీట్ ఆశింపని మార్గమున, భాషకు క్రొత్త ఇల్లు కట్టినవి.

ఇంట తెలుగును, వీథిలో కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో పలుకు మనము ద్విభాషులమే. పీట్ చెప్పిన వైద్యము మనకు చెల్లదు. ఆయన చేసిన పని మాత్రము మిక్కిలి చెల్లును. తాతలనాటి కవ్వమును గూటిలో దాచుట సులభము. దానిని చిలుకుచు, దాని పేరును, తాడు పేరును, ఆ పనిలో పుట్టిన మాటలను మనుమరాలికి చెప్పుట కష్టము. అట్లే, పొలము విడిచి మిల్లులలో, రైల్వేలలో, కచ్చేరీలలో పనిచేసిన మన పెద్దల తెలుగు గూడ తెలుగేయని అంగీకరింపవలెను. మొదటిది పీట్ నేర్పిన పాఠము. రెండవది ఆయన నేర్వని పాఠము. మన సంఘములకు రెండును అవసరములే.