ఒక పీసు పంపండి, తిరిగి ఇస్తాను

మినప్పిండి నలిగిందో లేదో తెలుసుకోవడానికి మా అమ్మ గిన్నెడు నీళ్లలో చిన్న ఉండ వేసి చూసేది. తేలితే నలిగినట్టు. మునిగితే ఇంకాసేపు రుబ్బాలి. ఈ నెల మా వంటింటి గట్టు మీద ఉన్న రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్‌కి నేను రోజు విడిచి రోజు పెడుతున్న పరీక్ష కూడా అదే. ఆ గ్రైండర్ నాది కాదు. కోయంబత్తూరు వైపు ఒక చిన్న తయారీదారుది. ఉత్తరం రాసి తెప్పించుకున్నాను. 45 రోజులు వాడి, చూసింది చూసినట్టు చెప్పి, వచ్చిన పెట్టెలోనే తిరిగి పంపేస్తాను.

వంటింటి సామాను గురించి తెలుగులో వీడియోలు చేయడం నా పని. వీడియో కింద ఇచ్చిన లింకు ద్వారా ఎవరైనా ఆ వస్తువు కొంటే నాకు కొంత కమిషన్ వస్తుంది. అఫిలియేట్ అనే ఈ పద్ధతిలో అమెజాన్ తన పథకాన్ని 1996లోనే మొదలుపెట్టింది. నన్ను నమ్మి చూసేవాళ్లలో ఎక్కువమంది ఛత్తీస్‌గఢ్‌లోని రాయపూర్, భిలాయి, దుర్గ్, బిలాస్‌పూర్, జగదల్‌పూర్ తెలుగిళ్లవాళ్లు. విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే మావాళ్లు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పనికోసం ఇక్కడికి వచ్చారు. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టాక ఇంకా వచ్చారు. నేనుండే రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో పొద్దున్నే నడిచి వెళ్తే ఇప్పటికీ పోపు వాసనతో పాటు ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. ఈ ఇళ్లలో ఇడ్లీ, దోసె మానలేదు. ఉప్పుడు బియ్యాన్ని మాత్రం ఇక్కడివాళ్లలాగే ఉస్నా అంటారు.

ఆరేళ్ల కిందట నాకు మొదటి ఉచిత వస్తువు వచ్చింది. అదీ గ్రైండరే. నేను అడిగిన మూడో వారానికి ఇంటికే పంపారు. ఎవరో ఏమిటో తెలియని నాకు వేల రూపాయల వస్తువు పంపారన్న సంతోషంలో, వాడిన రెండో రోజునే బాగుందని వీడియో పెట్టేశాను. నిజానికి ఆ రెండు రోజులూ బాగానే ఉంది. మూడు నెలలకి మా ఇంట్లో దాని బెల్టు జారడం మొదలైంది. పిండి గట్టిపడేసరికి డ్రమ్ము ఆగి ఆగి తిరిగేది. ఆ విషయం చెప్తూ ఇంకో వీడియో పెట్టాల్సింది. ఇదిగో పెడతాను, అదిగో పెడతాను అనుకుంటూ ఇరవై రోజులు గడిపేశాను. మంచి మాటలతో పంపినవాళ్లని నలుగురిలో ఏం అంటాం అన్న మొహమాటం.

ఆ ఇరవై రోజుల చివర్లో ఒకావిడ ఫోన్ చేసింది. మా అమ్మ వయసుంటుంది. "నువ్వు చెప్పావనే కొన్నామమ్మా. బెల్టు జారిపోతంది. గోల్‌బజార్ అంతా తిరిగినాం, ఆ బెల్టు ఎవరి దగ్గరా లేదంట. ఇప్పుడు ఏటి చెయ్యమంటావు?" అంది. గొంతులో కోపం లేదు. అడగాల్సినవాళ్లనే అడుగుతున్నాననుకుని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో అదే బెల్టు అప్పటికే జారుతోందని ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మర్నాడు వీడియో పెట్టాను. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను. కానీ ఆవిడ డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది, అందులో కొంత కమిషన్‌గా నా ఖాతాలోకి వచ్చింది. ఆ కమిషన్‌తో కోయంబత్తూరు నుంచి రెండు బెల్టులు తెప్పించి ఆవిడకి ఇచ్చాను.

ఉచితంగా వచ్చిన వస్తువుకి మనం కట్టే ధర మొహమాటమే. దాన్ని వస్తువు చేతికొచ్చాక వదిలించుకోవడం కష్టం. అడిగేటప్పుడే తీసేయాలి. ఈ ఆరేళ్లలో నేను నేర్చుకున్న పనితనమంతా ఆ అడిగే ఉత్తరంలోనే ఉంది.

మొహమాటం లేకుండా అడగడం కొత్తేమీ కాదు. మన పత్రికల్లో పాతకాలం నుంచీ ఒక మాట అచ్చవుతోంది: పుస్తక సమీక్షకు రెండు ప్రతులు పంపాలి. రాసినవాడు పంపుతాడు, పత్రిక అందినట్టు ప్రకటిస్తుంది, బాగుంటే బాగుందంటుంది, లేకపోతే చీల్చి చెండాడుతుంది. ప్రతి పంపినంత మాత్రాన మెప్పు రావాలని లేదని ఇద్దరికీ తెలుసు. అందుకే అందులో మొహమాటం తక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత సభల్లో ఉచితంగా పంచేవారని చెప్తారు. తలనొప్పితో ఉన్నవాడు నుదుటికి రాసుకుంటే చాలు, తీర్పు అక్కడే తెలిసిపోతుంది. మధ్యలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గ్రైండర్‌ని అలా సభలో పంచలేరు కాబట్టే నాలాంటి మనిషి మధ్యలోకి వచ్చింది. వచ్చాక నా నుదురు అవతల కొనేవాళ్ల నుదురు అనుకోవాలి. అదే పంతులుగారు 1924లో భారతి సాహిత్య పత్రిక కూడా పెట్టారు. శాంపిల్ పంచిన చేత్తోనే పత్రిక నడిపిన ఆయన్ని ఈ పనిలో నేను తరచూ తలుచుకుంటాను.

ఇప్పుడు నేను పంపే ఉత్తరం ఇలా ఉంటుంది: "అయ్యా, మీ రెండు లీటర్ల గ్రైండర్‌ని మా ప్రాంతపు తెలుగిళ్లవాళ్లు కొనాలనుకుంటున్నారు, నన్ను అడుగుతున్నారు. ఒక పీసు పంపండి. 45 రోజులు రోజువారీ వంటలో వాడతాను. తర్వాత నా ఖర్చుతో తిరిగి పంపుతాను. వీడియో మీకు ముందుగా చూపించను. లోపం కనబడితే చెప్తాను, చెప్పే ముందు మీ వివరణ అడుగుతాను, ఆ వివరణ కూడా వినిపిస్తాను. మీరు పంపిన వస్తువని మొదటి నిమిషంలోనే చెప్తాను. అమ్మకం మీద నాకు కమిషన్ వస్తుందని కూడా చెప్తాను. రాయపూర్‌లో మీ సర్వీసు ఎవరు చేస్తారు, బెల్టు, రాయి, డ్రమ్ము ఎక్కడ దొరుకుతాయి, ఈ రెంటికీ జవాబు పీసుతో పాటే పంపండి."

దీన్ని కస్టమర్ కేర్‌కి పంపితే ఎక్కడికీ చేరదు. చిన్న కంపెనీ అయితే యజమానికే రాయాలి, పెద్దదైతే మార్కెటింగ్ చూసేవాళ్లకి. ఎంతమంది చూస్తారని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది. మా లెక్క వేలల్లోనే, లక్షల్లో లేదు. కానీ భిలాయిలో ఒకరు కొంటే ఆ వరసలో నలుగురు కొంటారని కోయంబత్తూరు వ్యాపారికి వివరించి చెప్తే అర్థం చేసుకుంటాడు. పది ఉత్తరాలు రాస్తే రెండింటికి జవాబు వస్తుంది. వీడియో ముందుగా చూపించనన్న వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోతారు. వాళ్ల వస్తువు అవసరమనిపిస్తే కొట్లో డబ్బిచ్చి కొంటాను, లేదా తెలిసినవాళ్లింట్లో ఉన్నది వాడి చూస్తాను.

తిరిగి పంపడమనేది నా చాదస్తమని కొందరు స్నేహితులంటారు. వాళ్లకి చెప్పడానికి నా దగ్గర చట్టం కూడా ఉంది. ఆదాయపు పన్నులో 194ఆర్ సెక్షన్ 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యాపారంలో భాగంగా ఏడాదికి 20,000 రూపాయలు దాటిన ఉచిత ప్రయోజనం అందితే ఇచ్చినవాళ్లు 10 శాతం పన్ను జమయ్యేలా చూసుకోవాలి. ప్రచారం కోసం తీసుకున్న వస్తువుని వాడి తిరిగి ఇచ్చేస్తే అది ప్రయోజనం కిందికి రాదని, ఉంచుకుంటే వస్తుందని ఆ ఏడాది జూన్‌లోనే ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. ఉంచుకోవడం నేరమేమీ కాదు. ఉంచుకున్నది సంపాదన అని చట్టమే అన్నాక, దాన్ని చూసేవాళ్లకి చెప్పకుండా ఎలా ఉంటాం?

చెప్పడం గురించీ నియమాలున్నాయి. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ 2021లోనే, ఉచిత వస్తువు తీసుకున్నా ఆ సంబంధం బయటపెట్టాలంది. 2023 జనవరి 20న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం వీడియోలో ఆ మాట కనబడాలి, వినబడాలి కూడా. కింద వివరాల్లో ఎక్కడో పెడితే సరిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి జరిమానా పది లక్షల దాకా ఉంది. ఉచిత వస్తువు తీసుకుని రాసే రివ్యూలని అమెజాన్ 2016 అక్టోబర్‌లో తన పేజీల్లో ఆపేసింది, పుస్తకాలకి, సమీక్షకులని తానే ఎంచుకునే తన వైన్ పథకానికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఈ నియమాలన్నీ నాకు మేలే చేశాయి. ఇంతకుముందు నేను పెట్టే షరతులు నా పట్టుదలలా కనిపించేవి. ఇప్పుడు జవాబిచ్చే కంపెనీల వాళ్లు వాటికి తలూపుతున్నారు.

కమిషన్ మాట వేరు. వస్తువు తిరిగి పంపేసినా కమిషన్ నా దగ్గరే ఉంటుంది. ధర ఎక్కువున్నదాని మీద ఎక్కువ రూపాయలొస్తాయి, ఏదీ కొనొద్దంటే ఏమీ రాదు. దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు. కొనొద్దని చెప్పిన వీడియోలు నెలకి ఒకటైనా ఉన్నాయా అని లెక్క చూసుకుంటాను. పోయిన నెలలో ఒకటే ఉంది, ఒక మిక్సీది. పెట్టె మీద అయిదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని రాసుంది. మూడో నిమిషానికే మోటారు కాలిన వాసన వచ్చింది. అడుగున ఎర్ర బటన్ ఎగిరి ఆగిపోయింది. ఎండుమిరపకాయలతో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. కంపెనీకి రాశాను. తక్కువ మిరపకాయలు వేయమన్నారు. ఆ జవాబు వీడియోలో చదివి వినిపించాను.

ఇప్పటి గ్రైండర్ 31వ రోజులో ఉంది. రాయపూర్ మే నెల ఎండలో, 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో కావాలనే రుబ్బాను. పాతిక నిమిషాలకి పిండిలో వేలు పెడితే గోరువెచ్చగా కూడా లేదు. ఉండ తేలింది. బెల్టు బిగువుగానే ఉంది, కానీ డ్రమ్ము లాక్ ఒక పక్క వదులవుతోంది. నాలుగు రోజుల కిందట ఫోటో తీసి తయారీదారుకి పంపాను. నిన్న ఆయనే ఫోన్ చేశాడు. ఆ లాక్ గురించి ఇంకో ఇద్దరు కూడా చెప్పారట, అచ్చు మారుస్తున్నామన్నాడు. రాయపూర్‌లో సర్వీసు కోసం పండ్రిలో ఒక మెకానిక్‌తో మాట్లాడాడట, అయిదు బెల్టులు, రెండు లాకులు ఆయన దగ్గర పెడతామన్నాడు. పెట్టాక చెప్పండి, నేనే వెళ్లి చూసి వీడియోలో చెప్తాను అన్నాను.

థర్మాకోల్ ముక్కలు విరగకుండా పెట్టెతో సహా మంచం కింద దాచాను. ఇంకా పద్నాలుగు రోజులుంది.