ఈక చెప్పని వంశం

గ్రే కాకటీల్ జంట గూట్లో లుటినో, అంటే పసుపు రంగు పిల్ల పుడితే అది ఆడదే. ఈకలు రాకముందే, కళ్లు తెరవకముందే ఈ మాట చెప్పేయొచ్చు. పల్చటి రెప్ప వెనక కన్ను నల్లగా కాకుండా గులాబీ రంగులో కనిపిస్తే పిల్ల లుటినో. అమ్మానాన్నా ఇద్దరూ గ్రే గనక అది కూతురే అయి తీరాలి. కాకటీల్ పెంపకంలోకి నన్ను లాగింది ఈ "అయి తీరాలి" అన్న లెక్కే. రంగు మోజు తర్వాత వచ్చింది.

కోడిపుంజుల దగ్గర మనవాళ్లకు గొప్ప చూపుంది. కుక్కుట శాస్త్రం ఈకను చూసి డేగ, కాకి, నెమలి అని పేరు పెడుతుంది. కాకటీల్ దగ్గర ఆ చూపు సగం దాకానే పనికొస్తుంది. మా మేడ మీదికి వచ్చినవాళ్లు తెల్లదాని ముందో, ముత్యాల చుక్కలదాని ముందో ఆగిపోతారు. అన్నిటికంటే విలువైనది ఏదంటే, మూలన కూర్చున్న ఒక మామూలు గ్రే మగపక్షి. ఆ సంగతి చెబితే నవ్వుతారు.

కాకటీల్ ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతాల పక్షి. అక్కడ గుంపులుగా తిరిగేవాటికి ఉన్నది ఒకటే వేషం: బూడిద రంగు ఒళ్లు, రెక్క మీద తెల్ల పట్టీ, చెంప మీద నారింజ బొట్టు. ఆ దేశం తన పక్షుల ఎగుమతిని 1960లో ఆపేసింది. మన బజార్లలో ఉన్నవన్నీ పంజరాల్లో తరతరాలుగా పుట్టినవాటి సంతానమే. పేరున్న రంగులు కూడా పెంపకందార్ల చేతుల్లోనే నిలబడ్డాయి. 1940ల చివర కాలిఫోర్నియాలో మచ్చల పైడ్, 1958లో ఫ్లోరిడాలో లుటినో, 1960ల చివర పశ్చిమ జర్మనీలో ముత్యాల చుక్కల పెర్ల్.

ఈ రంగులన్నిటి వెనకా ఉన్నవి రెండే పదార్థాలు. బూడిద, నలుపు, గోధుమ ఛాయలు మెలనిన్ వల్ల వస్తాయి. పసుపు, నారింజ ఇంకో పదార్థం వల్ల. దాన్ని చిలక జాతి పక్షులు తిండిలోంచి తీసుకోవు, ఈక మొలిచేచోటే సొంతంగా తయారుచేసుకుంటాయి. క్యారెట్ తురుము పెడితే చెంప బొట్టు ఎర్రబడుతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. (క్యారెట్ మాత్రం పెట్టండి, ఒంటికి మంచిది.) మెలనిన్ పోతే లుటినో, పసుపు పోతే వైట్‌ఫేస్. రెండూ పోతే ఎర్ర కళ్ల తెల్ల పక్షి. బజార్లో దాన్నే అల్బినో అంటారు. నీలం కాకటీల్ మాత్రం రాదు. చిలకల్లో నీలం పుట్టడానికి ఈక లోపలి అల్లిక వేరేగా ఉండాలి, అది కాకటీల్‌కు లేదు.

ఇక అసలు చిక్కు. మనుషుల్లో ఎక్స్, వై క్రోమోజోములు రెండూ ఉండేది మగవాడికి. పక్షుల్లో ఇది తిరగబడింది. మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. లుటినో, సినమన్ (గోధుమ ఛాయ), పెర్ల్ జన్యువులు జెడ్ మీద ఉన్నాయి. మగది ఒక జెడ్ మీద లుటినోను మోస్తూ, రెండో జెడ్ పుణ్యమా అని గ్రేగానే కనిపించగలదు. దాన్నే స్ప్లిట్ అంటారు. ఆడదానికి దాచుకునే చోటు లేదు, ఉన్న ఒక్క జెడ్ మీద ఏముంటే అదే ఒంటి మీద కనిపిస్తుంది. కాబట్టి "స్ప్లిట్ లుటినో ఆడది" అని ఎవరైనా రెట్టింపు ధర చెబితే, అలాంటి పక్షి లోకంలోనే లేదు. వైట్‌ఫేస్, పైడ్ సంగతి వేరు. అవి జెడ్ మీద లేవు, వాటిని ఆడా మగా ఇద్దరూ దాచుకోగలరు.

లుటినో మగదాన్ని గ్రే ఆడదానికి జత కడితే కూతుళ్లందరూ లుటినోలు, కొడుకులందరూ స్ప్లిట్ గ్రేలు. అదే జతను తిరగేసి గ్రే మగదానికి లుటినో ఆడదాన్ని కడితే గూడంతా గ్రే. రంగు రాలేదని ఆ పిల్లల్ని చవగ్గా వదిలించుకునేవాళ్లను చూస్తుంటాను. వాళ్లకు కావలసిన రంగు, అమ్మేసిన ఆ మగపిల్లల్లోనే ఉంటుంది.

పెర్ల్ ఇంకా కొంటెది. ఆరేడు నెలలకు తొలి ఈకలు రాల్చడం మొదలయ్యాక మగది ముత్యాలన్నీ పోగొట్టుకుని గ్రేగా మారిపోతుంది. కొన్నవాళ్లు మోసపోయామనుకుంటారు. కానీ దాని రెండు జెడ్‌ల మీదా పెర్ల్ అలాగే ఉంటుంది. గ్రే ఆడదానికి జత చేసి చూడండి, పుట్టిన కూతుళ్లందరికీ ముత్యాలే. మా మేడ మీద మూలన కూర్చున్నది అలాంటిదే.

పిఠాపురంలో పుట్టి, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణ, ఏ లక్షణం ఎవరి నుంచి ఎవరికి వస్తుందన్న ఇలాంటి ప్రశ్ననే మనుషుల మీద వేశారు. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయా అని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలు గీసి 1960లో ప్రచురించారు. అవునన్న ఆయన నిర్ణయాన్ని తర్వాతివాళ్లు ప్రశ్నించారు గానీ, తాతల చెవుల దాకా వెళ్లి పట్టిక గీసిన ఆ ఓపిక నాకు నచ్చింది. మా పనికీ అదే కావాలి. పిల్లకు పది రోజుల వయసులో కాలికి రింగు వేయాలి, ఆలస్యమైతే ఎక్కదు. ఆ నంబరు ఎదురుగా తల్లి, తండ్రి, ఈతల వివరం రాసుకోవాలి. మగది స్ప్లిట్ అవునో కాదో తేల్చేది పిల్లలే. గ్రే ఆడదానితో ఒక్క లుటినో కూతురు పుట్టినా అవునని తేలిపోతుంది. పుట్టకపోతే కాదని చెప్పలేం, అనుమానం తగ్గుతుందంతే.

తొందరపాటు ఇక్కడే మొదలవుతుంది. లుటినో మగదాన్ని వైట్‌ఫేస్ ఆడదానితో కలిపితే వచ్చిన పిల్లల్లో ఒక్క అల్బినో కూడా ఉండదు. ఆ అన్నాచెల్లెళ్లనే మళ్లీ జత కడితే ఎనిమిదింట ఒకటి రావచ్చని లెక్క. ఈతకు నాలుగు నుంచి ఆరు గుడ్లు. లెక్క తప్పు కాదు, జత తప్పు. సంబంధం లేని రెండు జంటల నుంచి పిల్లల్ని తెచ్చి కలిపినా వచ్చేది అదే ఎనిమిదింట ఒకటి, కాకపోతే ఇంకో జంటను పోషించాలి. ఆ ఖర్చుకు వెనకాడి దగ్గర చుట్టరికాల్లోనే కలుపుతూ పోయిన ఫలితం చాలా లుటినోల తల మీద కనిపిస్తుంది. కుచ్చు వెనక బట్టతల. నిండు ఈకలున్న గట్టి గ్రేతో మధ్యమధ్య జత కడుతూ వస్తే అది కొన్ని తరాల్లో తగ్గుతుంది. ఆ ఏళ్లలో గూళ్లలో ఎక్కువ పుట్టేవి గ్రేలే, కొనేవాడు తక్కువ.

కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. కుచ్చు పైకి లేపి దాని వెనక చూడండి. తండ్రి రంగేమిటో, తాత రంగేమిటో అడగండి, రాసిన పుస్తకం చూపమనండి. పుస్తకం లేని స్ప్లిట్‌కు గ్రే ధర మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.