లెక్కలోకి రాని పాఠకురాలు

మా నాయనమ్మకి చదువు రాదు. అయినా ఇంట్లో పేపరు అందరికంటే ముందు ఆవిడకే కావాలి. తొంభైల మొదట్లో, బడికి పోయేముందు, పెద్ద పేపరు మధ్యలో పెట్టి ఇచ్చే చిన్న సైజు జిల్లా పేపరు తీసుకుని నేను ఆవిడ పక్కన కూర్చోవాలి. ముందు శ్రద్ధాంజలి ప్రకటనల్లో ఫోటోలు చూసేది. ఒక్కో ఫోటో మీద వేలు పెట్టి "ఈయనెవర్రా? ఏ ఊరు?" అని అడిగేది. ఊరు పేరు చదివితే చాలు, మిగతా కథ తనే చెప్పేది: వాళ్ళ అల్లుడెవరు, ఆ ఇంటికి మనకీ ఎక్కడ చుట్టరికం, ఏ పెళ్ళిలో చూసింది. ఆ తర్వాతే వార్తలు. తొందరలో నేనొక వాక్యం ఎగరగొడితే పట్టేసేది. "మధ్యలో ఏదో మింగావు, మళ్ళీ చదువు" అనేది.

పత్రికల మీదా ప్రకటనల మీదా పాఠకుల మీదా వచ్చిన పరిశోధన గ్రంథాలు చదువుతున్నప్పుడల్లా నాకొక ప్రశ్న అడ్డం పడుతూ ఉంటుంది. మా నాయనమ్మ పాఠకురాలా, కాదా? ఆ ప్రశ్న పట్టుకునే ఈమధ్య రాబిన్ జెఫ్రీ 'ఇండియాస్ న్యూస్‌పేపర్ రెవల్యూషన్' మళ్ళీ చదివాను. 2000లో వచ్చిన పుస్తకం. ఎమర్జెన్సీ ముగిసిన 1977 నుంచి 1999 దాకా భారతీయ భాషా పత్రికలు ఎలా పెరిగాయన్నది దాని విషయం. తెలుగువాళ్ళు తప్పక చదవాల్సిన పుస్తకం అది. అందులో 'ఈనాడు' ఒక ముఖ్య పాత్ర కావడం అందుకు ఒక కారణం మాత్రమే.

ముందు మంచి చెప్పాలి. మన దగ్గర పత్రికల చరిత్ర అంటే సంపాదకుల చరిత్రే. ఎవరు ఏ సంపాదకీయం రాశారు, ఎవరు జైలుకెళ్ళారు, ఎవరి భాష గ్రాంథికం, ఎవరిది వ్యావహారికం అన్న దగ్గరే ఆగిపోతాం. కాగితం ఎక్కడినుంచి వచ్చింది, ప్రకటన ఎవరు తెచ్చారు, కట్టలు బస్సెక్కించింది ఎవరు అన్నది మనకి పట్టదు. జెఫ్రీకి పట్టింది. పత్రికాఫీసులు తిరిగాడు. యజమానులతో, మేనేజర్లతో, ప్రకటనల విభాగం వాళ్ళతో మాట్లాడాడు. ఆఫ్‌సెట్ అచ్చు, కంప్యూటర్ అక్షరాలు వచ్చాక మన లిపులకి అచ్చులో కలిగిన వెసులుబాటు గురించి కూడా ఓపిగ్గా రాశాడు. పత్రిక ముందు ఒక వ్యాపారం, అటుపైన ఏదైనా అని మొహమాటం లేకుండా చెప్పాడు.

'ఈనాడు' సంగతే చూడండి. 1974 ఆగస్టు 10న రామోజీరావు దాన్ని విశాఖపట్నంలో మొదలుపెట్టారు. అప్పటిదాకా విశాఖ పాఠకుడికి విజయవాడలో అచ్చయిన పేపరు పొద్దెక్కాక ఎప్పటికో అందేది. తెల్లారేసరికి గుమ్మంలో పేపరుండటమన్నదే అక్కడ సగం విజయం. తర్వాత 1989లో జిల్లా పేపర్లు వచ్చాయి. దీని వెనక లెక్క చాలా సులువు. ఒక చిన్న పట్నంలో బట్టల కొట్టాయనకి రాష్ట్రమంతా ప్రకటన ఇచ్చే స్తోమతా లేదు, అవసరమూ లేదు. శ్రీకాకుళంలో చీర కొనడానికి అనంతపురం నుంచి ఎవరొస్తారు? ఆ జిల్లా వరకే, ఆయన ఇచ్చుకోగల రేటుకి జాగా అమ్మితే ఇస్తాడు. ఆ జాగా అమ్మాలంటే ఆ పేజీలు జనం చదవాలి. చదవాలంటే వాళ్ళ ఊరి పేరు అందులో ఉండాలి. కాబట్టి మండలానికో కంట్రిబ్యూటర్ కావాలి. మన ఊరి బోరింగు చెడిపోయిన సంగతి పేపర్లో కనబడటానికి కారణం ప్రజాస్వామ్యం మీద ప్రేమ ఒక్కటే కాదు, బట్టల కొట్టు ప్రకటన కూడా. అలాగని ఆ బోరింగు వార్త అబద్ధమూ కాదు, పనికిరానిదీ కాదు. కారణం వ్యాపారమైనా ఫలితం ప్రజలకి పనికిరావచ్చు అన్నది జెఫ్రీ పుస్తకంలో నాకు నచ్చిన నిజాయితీ.

నా పేచీ ఇక్కడినుంచి మొదలవుతుంది. పుస్తకమంతా పాఠకుణ్ణి వెతుక్కుంటూ పరిగెత్తిన పత్రికల కథ. కానీ ఆ పాఠకుడు దొరికాక ఏం చేశాడన్నది అందులో దాదాపు లేదు. పేపరు గుమ్మం దాకా వస్తుంది. గుమ్మం దాటి లోపలికెళ్ళాక ఏమైందో మనకి కనబడదు. కారణం ఊహించడం కష్టం కాదు. పరిశోధకుడికి అందే అంకెలు యజమాని దగ్గరివి, ఏబీసీవి, రీడర్‌షిప్ సర్వేలవి. ఏబీసీ అంటే 1948లో పెట్టిన ఆడిట్ బ్యూరో. అది అమ్ముడుపోయిన కాపీలు లెక్కపెడుతుంది. సర్వే పాఠకుల్ని లెక్కపెడుతుంది. రెండింటినీ కోరి పెట్టించుకున్నది ప్రకటనల లోకమే. అంచేత ఆ లోకానికి కావలసిన మనిషే వాటిలో కనబడతాడు.

కెనడా పండితుడు డాలస్ స్మైత్ 1977లో ఒక వ్యాసంలో ఇదే విషయాన్ని మొండిగా అడిగాడు. పత్రికలూ టీవీలూ తయారుచేసే సరుకు ఏది? వార్తా, నాటకమా, పాటా? ఇవేవీ కావన్నాడు. ప్రేక్షకులే సరుకు, వాళ్ళని ప్రకటనదారులకి అమ్ముతారు, మిగతాదంతా వాళ్ళని కూర్చోబెట్టడానికి వేసే ఎర అన్నాడు. విన్నప్పుడు అతిశయోక్తిలా ఉంటుంది. కానీ మన సర్వేలు కుటుంబాల్ని ఎలా విడదీస్తాయో చూస్తే అంత అతి అనిపించదు. 2011లో తెచ్చిన పద్ధతిలో ఒక ఇంటి తరగతి తేల్చడానికి రెండే ప్రశ్నలు. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువెంత? జాబితాలోని పదకొండు వస్తువుల్లో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి? సీలింగ్ ఫ్యాను, గ్యాసు పొయ్యి, కలర్ టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మిషను, కారు, ఇలా సాగే ఆ జాబితాలో వ్యవసాయ భూమి కూడా ఒక వస్తువే!

ఈ జల్లెడలో మా నాయనమ్మ ఎక్కడుంటుంది? సంపాదించేది ఆవిడ కాదు. చదువూ లేదు. ఫ్యాను ఉంది గానీ అది మా నాన్న కొన్నది. పైగా ఆవిడ మొదట చూసేది ప్రకటన. పరిశోధకుల భాషలో వార్త వేరు, ప్రకటన వేరు. ఆవిడకి మాత్రం డబ్బు కట్టి వేయించిన శ్రద్ధాంజలే అసలు వార్త, మొదటి పేజీలో ముఖ్యమంత్రి మాట కాలక్షేపం. స్మైత్‌గారి సిద్ధాంతం కూడా ఇక్కడ కాస్త తడబడుతుంది. ఎర అనుకున్నదాన్ని వదిలేసి గాలం ముల్లునే చదువుకుంటున్న మనిషిని ఎవరికి అమ్ముతారు?

ఇదంతా ఒక ముసలావిడ ముచ్చట అనిపిస్తే నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు చేసుకుందాం. అక్షరాస్యతా ఉద్యమం వాచకంలో సారా వల్ల చితికిన కుటుంబం గురించి ఒక పాఠం ఉంది. రాత్రి బడిలో అది విని, చర్చించి, ఆ ఊరి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళు చేసిన పని తర్వాతి వాచకంలో ఇంకో పాఠమైంది. దాన్ని వేరే ఊళ్ళవాళ్ళు విన్నారు. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 'ఈనాడు' దానికోసం రోజూ ఒక పేజీ కేటాయించింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

ఈ కథని పత్రిక గెలుపుగా చెప్పుకోవచ్చు, చెప్పుకున్నారు కూడా. అప్పటి అధికార పక్షంతో ఆ పత్రికకున్న వైరం ఇందులో ఎంత అన్న చర్చా నడిచింది. కానీ ఈ రెండు వాదాల్లోనూ చదవడమనేది మగవాళ్ళు, పట్నంవాళ్ళు చేసిన పనిగానే మిగిలిపోతుంది. నిజానికి అక్కడ మొదటి పాఠకులు అక్షరాలు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్న ఆడవాళ్ళు. ఒకరు చదివితే పదిమంది విన్నారు. విన్నది తమ ఇంటి లెక్కతో సరిచూసుకున్నారు. ఏ సర్వేలోనూ పాఠకులు కానివాళ్ళు, ఒక పేజీడు వాచకాన్ని ఆ ఏడాది రాష్ట్రంలో మరెవ్వరూ చదవనంత గట్టిగా చదివారు.

దీన్ని పట్టుకున్న పరిశోధన లేదని కాదు. హైదరాబాదులోని అన్వేషి 1993 జనవరిలో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఆ స్త్రీల మీద ఒక నివేదిక రాసింది. మరుసటి ఏడాది సూసీ తారు, తేజస్విని నిరంజన కలిసి రాసిన వ్యాసం ఇంకో అడుగు వేసింది. సారా ఉద్యమ స్త్రీని ఒక్కొక్కరూ తమకి కావలసిన బొమ్మగా ఎలా మలుచుకున్నారో చూపించింది. కానీ ఇవి స్త్రీవాద చర్చలుగా ఒక బీరువాలోకి వెళ్ళాయి, జెఫ్రీ పుస్తకం జర్నలిజం బీరువాలోకి వెళ్ళింది. రెండు తలుపులూ ఒకేసారి తెరిచినవాళ్ళు తక్కువ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, లెక్కలోకి రానివాళ్ళ గురించి జెఫ్రీకి పట్టింపు లేదనడం అన్యాయం. పత్రికాఫీసుల్లో దళితులు ఎక్కడున్నారని వెతికి, దాదాపు ఎక్కడా లేరని గట్టిగా రాసినవాళ్ళలో ఆయన ఒకడు. రాసేవాళ్ళలో ఎవరు లేరన్న ప్రశ్న ఆయన అడిగాడు. చదివేవాళ్ళలో ఎవర్ని లెక్కపెట్టడం లేదన్నది దానికి జంట ప్రశ్న. లెక్కలో లేనివాడి పేరు మీద ప్రకటన రాదు. ప్రకటన రాని ఊరికి పేజీ దొరకదు. ప్రకటనల టార్గెట్ మోసే కంట్రిబ్యూటర్‌కి ఏ వీధిలో వార్త ఉందో, ఏ వీధిలో లేదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ గొలుసు మొత్తం చూపించడానికి కావలసిన సామగ్రి ఆ పుస్తకంలోనే ఉంది. చివరి కొక్కెం మాత్రం తగిలించలేదు.

అలా తగిలించడం సాధ్యమేనా? సాధ్యమే. పూర్ణిమా మంకేకర్ ఢిల్లీలో దిగువ మధ్యతరగతి ఇళ్ళలో ఆడవాళ్ళ పక్కన కూర్చుని దూరదర్శన్ సీరియళ్ళు చూసింది. 'మహాభారత్'లో ద్రౌపదీ వస్త్రాపహరణం చూస్తూ వాళ్ళు తమ అవమానాల గురించి ఏం మాట్లాడుకున్నారో రాసింది. టీఆర్‌పీకి ఒక అంకెగా మాత్రమే తెలిసే ఇల్లు ఆ పుస్తకంలో మనుషులుండే ఇల్లయింది. తెలుగు పేపరు గురించి అలాంటి పుస్తకం నా కంటబడలేదు. టీ కొట్టులో పేపరు నాలుగు ముక్కలై నాలుగు బల్లల మీదికి పోవడం, సినిమా పేజీ ముందు మాయమవడం, బజ్జీ పొట్లంలో చిరిగిన వార్తకి ముగింపు ఏమై ఉంటుందా అని ఆలోచించడం ఇవన్నీ చదవడంలో భాగమే కదా. ఎంఫిల్ సిద్ధాంత గ్రంథాలు కొన్ని చూశాను. ఏ వార్తకి ఎన్ని కాలమ్ సెంటీమీటర్లో స్కేలు పెట్టి కొలిచారు. ఆ స్కేలు పక్కన పెట్టి ఒక ఇంట్లో ఒక నెల పొద్దున్నే కూర్చుంటే ఇంకెంత దొరికేదో!

ఇప్పుడు ఈ పని ఇంకా అవసరం. ఫోన్లో వార్త ఎవరు ఎంతసేపు చూశారో సెకన్లతో సహా తెలుస్తుందంటున్నారు. లెక్క ఇంత పక్కాగా ఎప్పుడూ లేదు కాబట్టి పాఠకుడు మనకి పూర్తిగా తెలిసిపోయాడన్న భ్రమ కూడా ఎప్పుడూ ఇంత లేదు. మనవడి ఫోను, మనవడి వేలు, చెవి మాత్రం నాయనమ్మది అయినప్పుడు ఆ క్లిక్కు ఎవరి ఖాతాలో పడుతుంది?

జెఫ్రీ పుస్తకం చదవండి. మన పొద్దుటి పేపరు ఎన్ని చేతులు మారి వస్తుందో అంత వివరంగా చెప్పిన పుస్తకం ఇంకోటి నేను చదవలేదు. చదివాక, మీ ఇంట్లో పేపరు వినేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక పూట వాళ్ళకి చదివి వినిపించండి. ఎక్కడ ఆపమంటారో, ఎక్కడ మళ్ళీ చదవమంటారో రాసి పెట్టుకోండి. మా నాయనమ్మ ఆపమన్న చోట్లు నేను రాసి పెట్టుకోలేదు.