దర్బారులో పాదరక్షలు: మర్యాదను ఎలా చదవాలి?

విలియం డాల్రింపుల్ రాసిన ‘వైట్ మొఘల్స్’ (2002) చదివిన వారికి ముందుగా గుర్తుండేది ప్రేమకథ. హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా పనిచేసిన జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ ఇక్కడి దుస్తులు ధరించాడు, ఖైరున్నీసాను పెళ్లాడాడు, నిజాం నుంచి ‘హష్మత్ జంగ్’ అనే బిరుదు పొందాడు. రచయిత దీన్ని రెండు సంస్కృతుల కలయికగా చూపుతాడు. ఆనాటి ఉత్తరాల ఆధారంగా మనుషులను మన కళ్లముందు నిలబెట్టడం ఈ పుస్తకం సాధించిన విజయం. అయినా మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి: రెసిడెంటు పాటించిన మర్యాద గౌరవమా, రాజనీతా?

కాలక్రమాన్ని గమనించండి. 1798 సెప్టెంబరులో నిజాం సైన్య సహకార ఒప్పందంపై సంతకం చేశాడు. అక్టోబరులో అతని కొలువులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు. 1800 ఒప్పందంతో బళ్లారి, కడప ప్రాంతాలు కంపెనీ పరమయ్యాయి. ఇవన్నీ కిర్క్‌పాట్రిక్ హయాంలోనే జరిగాయి. రచయిత వీటిని దాచలేదు. కాని కథనంలో ప్రేమకు దక్కిన బరువు వీటికి దక్కలేదు.

ఆ రోజుల్లో రెసిడెంటు దర్బారులో పాదరక్షలు విడిచి, నేలమీద కూర్చునేవాడు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించాడు. మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కిన సందర్భంలో రెసిడెంటు సాండర్స్ బూట్లతో వస్తామని, కుర్చీలపై కూర్చుంటామని పట్టుబట్టాడు. సాలార్‌జంగ్ ఒప్పుకోక తప్పలేదు. అవసరం ఉన్నంతకాలం బూట్లు విడిచినవారు, బలం పూర్తిగా చిక్కాక తొడుక్కునే వచ్చారు. అందుచేత మర్యాదను మంచితనానికి కొలతగా కాక, అధికారానికి కొలతగా చదవాలి.

ఈ సంఘటనను హైదరాబాదుకు జరిగిన అవమానంగా చెప్పడం పరిపాటి. అందులో నిజం ఉంది, కాని సగమే. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు ఆ నిజాం రాజ్యంలోనివే. ఇక్కడి పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పోయే వెట్టి మనిషి చెప్పులు చేతబట్టుకుని, తలవంచి నడవాల్సి వచ్చేది. ‘నీ బాంచెన్’ అన్న మాట ఆ మర్యాదలో భాగమే. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతుకూలీలు ఆ దొరతనాన్నే ఎదిరించారు. దర్బారులో ఒక్కరోజు బూట్ల గురించి చరిత్ర పుటలు నిండాయి. గడీ ముందు తరతరాలుగా విడిచిన చెప్పుల సంగతి ఆ పుటల్లోకి ఎక్కలేదు.

కాబట్టి ‘వైట్ మొఘల్స్’ను తప్పక చదవండి, ఆ ప్రేమను శంకించనక్కర్లేదు. అయితే పుస్తకంలోని ప్రతి సలాము దగ్గరా ఆగి, ఎవరు ఎవరి ముందు వంగారు, వంగకపోతే ఏమయ్యేది అని అడగండి.

ఆలోచించండి: మీ ఊరి పెద్దల జ్ఞాపకాల్లో గడీ మర్యాదలు ఏవి? వాటిని 1869 నాటి దర్బారు సంఘటనతో పోల్చి పది వాక్యాల్లో రాయండి.